తేలిక తూటాలకు మొరాయించే పాత బ్రౌనింగ్ తుపాకీ

ప్రశ్న: మాది చిత్తూరు. నాన్నగారి కాలం నాటి పన్నెండు బోరు సెమీ ఆటోమేటిక్ తుపాకీ, ఆయన పోయాక లైసెన్సు మార్పుతో నా పేరుకు వచ్చింది. బెల్జియంలో తయారైనట్టు దాని మీద చెక్కి ఉంది. వెనుక భాగం మూపురంలా ఎత్తుగా ఉంటుంది. పేల్చినప్పుడు బ్యారెల్ కూడా వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పోతుంది. మామిడి తోట కాపలా కోసం నాన్నగారు వాడిన బరువైన తూటాలతో ఈనాటికీ చక్కగా పనిచేస్తోంది. కొంతకాలంగా నేను హైదరాబాద్‌లోని రేంజ్‌కు వెళ్లి క్లే షూటింగ్ (గాలిలోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే ఆట) నేర్చుకుంటున్నాను. అక్కడ 24 గ్రాముల (లోపలి గుండ్ల బరువు) తూటాలు వేస్తే మొదటిది పేలుతుంది గానీ ఖాళీ గొట్టం సగం బయటికి వచ్చి ఇరుక్కుంటుంది, లేదా లోపలే ఉండిపోతుంది. 28 గ్రాముల తూటాలు ఒక్కోసారి ఆడతాయి, ఒక్కోసారి ఆడవు. తెలిసినవారొకరు స్ప్రింగును రెండు చుట్లు కత్తిరించమన్నారు. మరొకరు బ్యారెల్‌లోని గ్యాస్ రంధ్రాన్ని పెద్దది చేయించమన్నారు. ఏది మంచిది?

సమాధానం: రెండూ వద్దు. స్ప్రింగును కత్తిరిస్తే పోయిన చుట్టు తిరిగి రాదు. ఇక రంధ్రం సంగతి: మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ తుపాకీలో అసలు గ్యాస్ రంధ్రమే ఉండదు. ఆ సలహా ఇచ్చినవారు మరో రకం తుపాకీని మనసులో పెట్టుకుని చెప్పారు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ముందు మీ చేతిలో ఉన్నది ఏ పద్ధతిలో పనిచేస్తుందో తెలుసుకుంటే, ఇనుము మీద ఆకురాయి పెట్టే అవసరం రాకుండానే ఈ సమస్య తీరే అవకాశం చాలా ఎక్కువ.

మూపురం లాంటి వెనుక భాగం, వెనక్కి కదిలే బ్యారెల్, బెల్జియం ముద్ర, ఈ మూడూ కలిస్తే అది బ్రౌనింగ్ ఆటో-5 అనే భావించాలి. జాన్ బ్రౌనింగ్ దీనికి 1900లో పేటెంటు పొందారు. 1902 నుంచి బెల్జియంలోని ఎఫ్.ఎన్. అనే ఆయుధ కర్మాగారం దీన్ని తయారు చేసింది. విస్తృతంగా అమ్ముడైన తొలి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఇదే. 1970 దశకంలో తయారీ జపాన్‌కు మారింది గనుక, బెల్జియం ముద్ర ఉన్న మీ తుపాకీకి తక్కువలో తక్కువ నలభై ఐదేళ్లకు పైబడిన వయసు ఉంటుంది. ఆ వయసు వల్ల చూసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని వరుసలో చెబుతాను.

దీని పనితీరును నిపుణులు దీర్ఘ రీకాయిల్ (రీకాయిల్ అంటే తన్నుడు) పద్ధతి అంటారు. తూటా పేలగానే బ్యారెల్, దాని వెనుక ద్వారాన్ని మూసి ఉంచే బోల్ట్ ఒకదానికొకటి బిగిసి ఉన్న స్థితిలోనే, తూటా నిడివి కంటే ఎక్కువ దూరం, పూర్తిగా వెనక్కి జరుగుతాయి. అక్కడ బోల్ట్ ఆగిపోతుంది. మ్యాగజైన్ గొట్టం (బ్యారెల్ కింద తూటాలు నిల్వ ఉండే గొట్టం) చుట్టూ ఉన్న పెద్ద స్ప్రింగు బ్యారెల్‌ను మాత్రం ముందుకు తోస్తుంది, ఖాళీ గొట్టం బోల్ట్ పట్టుకున్నచోటే ఉండిపోయి పక్కకు ఎగిరిపోతుంది. మ్యాగజైన్‌లోని తరువాతి తూటా వెనక్కి వచ్చి లాచ్ అనే మీటను తాకినప్పుడు, స్టాక్ (వెనుక చెక్క) లోపల ఉన్న రెండో స్ప్రింగు బోల్ట్‌ను ముందుకు నెట్టి ఆ తూటాను చాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి ఎక్కిస్తుంది. ఈ మొత్తం పనికి కావలసిన శక్తి తుపాకీ తన్నుడు నుంచే రావాలి, వేరే ఆధారం లేదు. బ్యారెల్ చివరిదాకా వెనక్కి రాకపోతే బోల్ట్ అక్కడ పట్టుబడదు, బ్యారెల్‌తో పాటే ముందుకు పోతుంది, ఖాళీ గొట్టం లోపలే మిగులుతుంది. మీరు వర్ణించిన లక్షణం సరిగ్గా ఇదే.

24 గ్రాములకూ, బరువైన తూటాల్లో ఉండే 32 గ్రాములకూ మధ్య తేడా చూడ్డానికి చిన్నదే గానీ, తుపాకీకి అది చిన్నది కాదు. ఉదాహరణకు 24 గ్రాముల గుండ్లు సెకనుకు 400 మీటర్ల వేగంతో వెళితే వాటి భారవేగాల లబ్ధం, బరువును కిలోల్లో లెక్కిస్తే, 9.6 అవుతుంది, 32 గ్రాములవి 375 మీటర్ల వేగంతో వెళితే 12 అవుతుంది. అంటే తేలిక తూటా ఇచ్చే తన్ను ఐదింట నాలుగు వంతులు. అయితే స్ప్రింగును నొక్కే శక్తి ఆ తన్ను వర్గాన్ని అనుసరించి మారుతుంది గనుక, అది మూడింట రెండు వంతుల లోపుకు పడిపోతుంది. బరువైన తూటా దగ్గర ఉన్న మిగులు శక్తి మురికినీ, తుప్పునూ, ఎండిన నూనెనూ దాటుకుంటూ పోతుంది. తేలిక తూటాకు ఆ మిగులు లేదు. అందుకే బరువైన వాటితో బాగా ఆడుతోంది కాబట్టి తుపాకీలో లోపం లేదని అనుకోకూడదు. లోపం ఉండి కూడా కనబడకుండా పోయిందని అనుకోవాలి. 28 గ్రాములతో ఒకసారి ఆడి ఒకసారి ఆడకపోవడాన్ని బట్టి మీ తుపాకీ సరిగ్గా ఆ సరిహద్దు మీదే నిలబడి ఉందని అర్థమవుతోంది. ఇది మంచి సంకేతమే, ఎందుకంటే ఏదో ఒకచోట కొంచెం రాపిడి తగ్గినా గీత దాటుతుంది.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్, చాంబర్ రెండూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మీరు పనిచేసే గదిలో తూటాలే ఉంచకండి. శుభ్రం చేయడం, స్ప్రింగు దగ్గరి ఉంగరాలను సర్దడం (వీటి సంగతి కింద చెబుతాను) యజమాని చేసుకోదగిన పనులే. బ్యారెల్‌ను, చాంబర్‌ను, స్ప్రింగును, ట్రిగ్గర్‌ను మార్చే పని మాత్రం లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారు చేతుల మీదుగానే జరగాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకీని మరమ్మతు చేయడం, మార్చడం నేరం. మన జిల్లాల్లో నాటు తుపాకులు బాగుచేసే చేతివాటం ఉన్న మనుషులు ఇంకా కనబడుతుంటారు. పనితనం ఎంత ఉన్నా మీ తుపాకీని వారికి ఇవ్వకండి, మీ లైసెన్సుకే ముప్పు.

మొట్టమొదట చూడవలసింది చాంబర్ నిడివి. మిగతావన్నీ తుపాకీ ఆడడానికి సంబంధించినవి. ఇది మీ చేతులకూ కళ్లకూ సంబంధించినది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఆటో-5 తుపాకులు చాలావాటికి చాంబర్ 65 మిల్లీమీటర్లే ఉండేది, ఈనాటి పోటీ తూటాలు సాధారణంగా 70 మిల్లీమీటర్లవి. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. తూటా మీద రాసే నిడివి అది పేలి మూతి విచ్చుకున్న తరువాతి నిడివి. పేలకముందు మూతి మడిచి ఉంటుంది గనుక 70 మిల్లీమీటర్ల తూటా 60 మిల్లీమీటర్ల లోపే ఉండి, 65 చాంబర్‌లోకి ఏ ఇబ్బందీ లేకుండా జారిపోతుంది. పేలినప్పుడు మాత్రం మూతి విచ్చుకోవడానికి చోటు చాలక బ్యారెల్ ఇరుకయ్యే భాగంలోకి పోతుంది, దానితో ఒత్తిడి పెరుగుతుంది. పైగా పాత తుపాకీలో గొట్టం బయటికి ఎగిరే కిటికీ కూడా పొట్టి గనుక, విచ్చుకున్న పొడుగాటి గొట్టం దాని అంచుకు తగిలి సగంలో ఇరుక్కుంటుంది. మీరు రాసిన "సగం బయటికి వచ్చి" అన్న మాట చదవగానే నాకు మొదట తోచింది ఇదే. బ్యారెల్ మీద, చాంబర్ దగ్గర 12-65 అనో 12-70 అనో, లేదా అంగుళాల్లో 2¾ అనో ముద్ర ఉందేమో భూతద్దంతో చూడండి. ముద్ర అరిగిపోయి ఉంటే మరమ్మతుదారు కొలమానంతో కొలిచి చెప్పగలడు. నాన్నగారి పెట్టెలో మిగిలిన తూటాల నిడివిని కూడా చదవండి. అవి 65వి అయి, రేంజ్‌లో మీరు కొన్నవి 70వి అయి, చాంబర్ 65 అయితే సమస్య గ్రాముల్లో లేదు, మిల్లీమీటర్లలో ఉంది. అది తేలేవరకు 70 మిల్లీమీటర్ల తూటా ఒక్కటి కూడా వేయవద్దు.

చాంబర్ 70 అని తేలిందనుకుందాం. ఇప్పుడు ఈ తుపాకీకి ప్రాణం లాంటి భాగానికి వద్దాం. బ్యారెల్ వెనక్కి వచ్చే వేగాన్ని తూటా బలాన్ని బట్టి అదుపు చేయడానికి బ్రౌనింగ్ ఒక బ్రేకు పెట్టారు. ముందు చెక్క కింద, మ్యాగజైన్ గొట్టం మీద, పెద్ద స్ప్రింగుకు ముందు వైపున ఒక కంచు ముక్క ఉంటుంది, దాన్ని ఫ్రిక్షన్ పీస్ అంటారు. దానితో పాటు లోపలి అంచు ఏటవాలుగా చెక్కిన ఒక ఉక్కు ఉంగరం ఉంటుంది. బరువైన తూటాలకు ఆ ఉంగరాన్ని స్ప్రింగుకూ కంచు ముక్కకూ మధ్యన, ఏటవాలు అంచు కంచు ముక్క వైపు ఉండేలా అమరుస్తారు. బ్యారెల్ వెనక్కి వస్తున్నప్పుడు ఆ ఏటవాలు అంచు కంచు ముక్కను రెండు వైపుల నుంచీ గొట్టానికి నొక్కిపట్టి, వేగాన్ని గట్టిగా తగ్గిస్తుంది. తేలిక తూటాలకు ఆ ఉంగరాన్ని అక్కడి నుంచి తీసి స్ప్రింగు వెనుక, తుపాకీ మొండెం (బోల్ట్ ఉండే నడిమి లోహ భాగం) ఆనుకుని ఉండేలా అడుగున వేయాలి. స్ప్రింగు నేరుగా కంచు ముక్కను ఆనుకుంటుంది, కంచు ముక్క ఏటవాలు అంచు ముందు వైపు, అంటే బ్యారెల్‌కు ఉన్న వలయం వైపు ఉంటుంది. ఉంగరం ఎక్కడా పోలేదు, చోటు మారింది, అంతే. రాపిడి మాత్రం గణనీయంగా తగ్గుతుంది.

మీ నాన్నగారు తోట కాపలాకు బరువైన తూటాలే వాడారంటే, ఉంగరం బరువైన తూటాల స్థానంలోనే ఉండి ఉంటుందనీ, ఆ తరువాత దాన్ని ఎవరూ కదపలేదనీ నా గట్టి అభిప్రాయం. ఖాళీ తుపాకీ మడమను (భుజానికి ఆనే వెనుక చివరను) నేల మీద మెత్తటి గుడ్డ పరిచి ఆనించండి. బ్యారెల్‌ను స్ప్రింగు బలానికి ఎదురుగా కిందికి కొంచెం నొక్కిపట్టి, మ్యాగజైన్ చివర ఉన్న మూతను విప్పండి. మీ ముఖాన్ని బ్యారెల్‌కు ఎదురుగా పెట్టకండి, స్ప్రింగు ఒక్కసారిగా వదులు కాకుండా నెమ్మదిగా పైకి రానివ్వండి. ముందు చెక్క, బ్యారెల్ వరుసగా బయటికి వస్తాయి. ఏదీ కదపకముందే ఉన్న అమరికను ఫొటో తీసుకోండి. ఉంగరం, కంచు ముక్క, స్ప్రింగు ఏ వరుసలో, ఏ ముఖం ఎటు తిరిగి ఉన్నాయో అది చూపిస్తుంది. చాలాసార్లు ఈ వరుసే తప్పుగా కనబడుతుంది. ఒకసారి విప్పినవారెవరో తిరగేసి పెట్టి ఉంటారు, లేదా మరో తుపాకీ ఉంగరం అదనంగా వేసి ఉంటారు. కంచు ముక్క చీలి ఉన్నా, లోపలి ముఖం గాట్లు పడి ఉన్నా కొత్తది వేయించాలి. ఇదే సమయంలో ముందు చెక్క లోపలి భాగాన్ని వెలుతురులో చూడండి. సన్నటి నెర్రెలు కనబడితే ఈ తుపాకీని ఎప్పుడో తప్పు అమరికతో బరువైన తూటాలు వేసి కాల్చారని అర్థం. వాటిని అంటించకుండా మళ్లీ వాడకండి.

ఇక మ్యాగజైన్ గొట్టం. కంచు ముక్క దాని మీదనే పరుగెడుతుంది గనుక ఆ ఉపరితలం ఎంత నున్నగా ఉంటే తేలిక తూటా అంత సులభంగా పనిచేస్తుంది. మన దగ్గర లైసెన్సు తుపాకులకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఎన్నికల ప్రకటన వచ్చిన ప్రతిసారీ తుపాకులను పోలీసు స్టేషన్లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయవలసి వస్తుంది. శాసనసభ, లోక్‌సభ, స్థానిక సంస్థల ఎన్నికలను కలుపుకుంటే తుపాకీ నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది. వేసి ఇచ్చిన నూనె ఆవిరై, దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడుతుంది, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఎండలకు అది పాత రంగు పూతలా అంటుకుపోతుంది. నవంబరు, డిసెంబరు తుపాన్ల తేమలో గొట్టం మీద పలుచని తుప్పు పొర కూడా రావచ్చు. పైకి మెరుస్తున్న తుపాకీ లోపల ఇలా ఉండడం అరుదేమీ కాదు. తుపాకీ శుభ్రం చేసే ద్రావకంతో గుడ్డకు నల్లటి మరక అంటడం ఆగేవరకు గొట్టాన్నీ, స్ప్రింగునూ, కంచు ముక్కనూ, ఉంగరాన్నీ తుడవండి. తుప్పు ఉంటే అత్యంత సన్నని ఉక్కు ఉన్నికి నూనె తడిపి మెల్లగా రుద్దండి. గరుకు కాగితం మాత్రం వాడవద్దు. ఆ తరువాత గొట్టం మీద రెండు చుక్కల పలుచని తుపాకీ నూనె వేసి, గుడ్డతో పొరలా పరచండి. తేలిక తూటాలకు ఈ పలుచని పొర కావాలి. బరువైన తూటాలకు మళ్లీ వెళ్లినప్పుడు అదే నూనె ఎక్కువైతే బ్రేకు పట్టు తప్పి బ్యారెల్ గట్టిగా వెనక్కి కొట్టుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. చిక్కటి గ్రీజు, కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె ఇవేవీ వద్దు. కొబ్బరి నూనె చలికాలం ఉదయాన గడ్డకట్టే సంగతి మనందరికీ తెలిసినదే.

స్టాక్ లోపల ఉన్న రెండో స్ప్రింగును చాలామంది మరచిపోతారు. అది ఒక సన్నని గొట్టంలో ఉంటుంది. దశాబ్దాలుగా పైనుంచి కారిన నూనె, మసి అక్కడికే చేరతాయి. స్ప్రింగు ఆ బంకలో కూరుకుని ఉంటే బోల్ట్ వెనక్కి రావడానికీ కష్టమే, ముందుకు పోవడానికీ కష్టమే. ఖాళీ తుపాకీలో బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి, చేయి అడ్డుపెట్టకుండా వదలండి. టక్కున ఒకే దెబ్బలో మూసుకుంటే స్ప్రింగు బాగున్నట్టు, నెమ్మదిగా జరిగినా, మధ్యలో సందేహించినా అక్కడ పని ఉన్నట్టు. ఈ భాగాన్ని మీరు విప్పవద్దని నా మాట. ఆటో-5 మరలకు గాడి చాలా సన్నగా ఉంటుంది. వాటి కొలతకు తగ్గట్టు సానపెట్టిన స్క్రూడ్రైవర్ లేకుండా మామూలు దానితో తిప్పితే గాడి చిరిగి, తుపాకీ అందం, విలువ రెండూ పోతాయి. మరమ్మతుదారుతో ఈ ఒక్క పనికే డబ్బు ఖర్చు పెట్టినా దండగ కాదు.

చాంబర్ గోడలు కూడా చూడాలి. ప్లాస్టిక్ తూటాలు పేలినప్పుడు కరిగి అంటిన పొర, పాత తుప్పు గుంటలు అక్కడ ఉంటే ఖాళీ గొట్టం వదలదు. కంచు బ్రష్‌తో, ద్రావకంతో బాగా శుభ్రం చేసి, పొడి గుడ్డతో తుడవండి. చాంబర్‌లో నూనె తడి మిగలనివ్వకండి. గొట్టం అంచును పట్టే కొక్కెం మొన అరిగిందేమో కూడా ఒకసారి చూపించండి.

తరువాత మీ భుజం. ఈ తుపాకీ పనిచేయాలంటే మొండెం స్థిరంగా ఉండి బ్యారెల్ మాత్రమే వెనక్కి రావాలి. మీరు వదులుగా పట్టుకుంటే మొండెం కూడా బ్యారెల్‌తో పాటు వెనక్కి జరుగుతుంది, రెండింటి మధ్య కదలిక తగ్గుతుంది, బ్యారెల్ చివరిదాకా చేరదు. కొత్తగా నేర్చుకునేవారు దెబ్బ తగులుతుందనే భయంతో భుజానికి కొంత ఎడంగా పట్టడం సహజం. అదే మీ తుపాకీకి శత్రువు. మడమను భుజం గుంటలో గట్టిగా ఆనించి, ముందుకు కొంచెం వంగి నిలబడండి. మీ శిక్షకుని తుపాకీ మీరు తీసుకోవడం, మీది ఆయనకు ఇవ్వడం వద్దు, లైసెన్సు సంగతి అడ్డువస్తుంది. మీ పట్టును మాత్రం ఆయనను పక్కన నిలబడి గమనించమనండి.

తూటాల ఎంపిక మీద కూడా కొంత శ్రద్ధ పెట్టాలి. ఒకే 24 గ్రాముల పేరుతో అమ్మేవాటిలో వేగం వేరువేరుగా ఉంటుంది. డబ్బా మీద వేగం రాసి ఉంటే ఎక్కువ వేగం ఉన్నవి తీసుకోండి, ఎందుకంటే పైన చూసినట్టు తన్ను బరువుతో పాటు వేగం మీద కూడా ఆధారపడుతుంది. పాతబడి, తేమ తగిలి, ఉబ్బిన తూటాలను పరీక్షకు వాడవద్దు. ఎప్పుడైనా శబ్దం మామూలుగా కాకుండా మందంగా వినిపిస్తే ఆ క్షణమే ఆపి, తుపాకీని ఖాళీ చేసి, బ్యారెల్ గుండా వెలుతురు కనబడుతోందో లేదో చూడండి. లోపల ఏదైనా ఇరుక్కుని ఉండగా మరో తూటా పేలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. తుపాకీ ఆడడం లేదని విసిగినప్పుడే మనిషి ఈ జాగ్రత్తను మరిచిపోతాడు.

ఇవన్నీ అయ్యాక పరీక్ష ఇలా చేయండి. రేంజ్‌లో, అధికారుల అనుమతితో, చాంబర్‌లో ఒకే ఒక తూటా పెట్టి, మ్యాగజైన్ ఖాళీగా ఉంచి కాల్చండి. ఖాళీ గొట్టం ఎగిరిపోయి బోల్ట్ వెనకాలే ఆగి ఉంటే, బ్యారెల్ పూర్తి దూరం వచ్చినట్టే. బోల్ట్ మూసుకుని ఉంటే ఇంకా ఎక్కడో రాపిడి మిగిలి ఉంది. ముందు 28 గ్రాములతో, ఆ తరువాత 24తో ఇదే పరీక్ష చేస్తే ఎక్కడ ఆగిపోతోందో స్పష్టంగా తెలుస్తుంది. గొట్టాలు పడే దూరాన్ని కూడా చూస్తూ ఉండండి. 28తో కాళ్ల దగ్గరే పడుతున్నాయంటే 24 ఆడదని ముందే చెప్పవచ్చు. ఒంటి తూటాతో సరిగ్గా వచ్చాక రెండు తూటాలు వేసి చూడండి. గొట్టం పోయి, బోల్ట్ తెరిచే ఉండి, రెండోది పైకి రాకపోతే లోపం మ్యాగజైన్ స్ప్రింగులోనో, మ్యాగజైన్ గొట్టానికి పడిన నొక్కులోనో ఉంది. రెండోది పైకి వచ్చి బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే స్టాక్ లోపలి స్ప్రింగును అనుమానించాలి. ఒకసారి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు.

మీకు సలహా ఇచ్చిన రెండో వ్యక్తి చెప్పిన గ్యాస్ రంధ్రం, 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 వంటి తుపాకుల్లో ఉంటుంది. వాటిలో బ్యారెల్ నుంచి కొంత గ్యాస్ పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. అటువంటి తుపాకీ ఉన్న పాఠకులు కూడా రంధ్రానికి డ్రిల్లు పెట్టే ముందు ఆ రంధ్రంలో పేరుకున్న మసిని తీసి, పిస్టన్ దగ్గర ఉండే రబ్బరు రింగును మార్చి చూడాలి. ఆ రింగు చిట్లితే గ్యాస్ కారిపోయి తేలిక తూటాలు ముందుగా ఆగిపోతాయి. బెనెల్లీ వంటి జడత్వ పద్ధతి తుపాకుల్లో మొత్తం తుపాకీ వెనక్కి కదలడమే ప్రధానం గనుక, వాటికి అదనపు బరువులు తగిలించడం తేలిక తూటాలకు చేటు.

క్లే షూటింగ్‌లో మీరు ముందుకు వెళ్లాలనుకుంటే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ట్రాప్, స్కీట్ అనే క్లే షూటింగ్ పోటీల్లో తూటా బరువు 24 గ్రాములు మించకూడదు. సెమీ ఆటోమేటిక్‌కు నిషేధం లేదు గానీ, మ్యాగజైన్‌లో ఒకటికి మించి తూటా పట్టకుండా అడ్డు వేయవలసి ఉంటుంది. అయినా ఈ ఆటలో రెండు గొట్టాల తుపాకీదే రాజ్యం, దానికి కారణం కూడా ఉంది. అందులో తూటా తేలికైనా, బరువైనా, రెండో తూటా పేలడానికి మొదటిదాని శక్తితో పని లేదు. నాన్నగారి తుపాకీతో సాధన చేయడం మీకు ఎంత ఇష్టమో మీ ఉత్తరం చదివితే తెలుస్తుంది, ఆ ఇష్టాన్ని నేను గౌరవిస్తాను. సాధనకు దాన్ని 28 గ్రాములతో నమ్మకంగా ఆడేలా చేసుకోవడం పూర్తిగా సాధ్యం. 24 గ్రాములతో కూడా చాలా తుపాకులు ఆడతాయి, కానీ పోటీలో దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

చివరగా రెండు సంగతులు. ఉంగరాన్ని తేలిక తూటాల స్థానంలో పెట్టాక ఆ తుపాకీలో బరువైన తూటాలు వేయకండి, వేస్తే బ్యారెల్ మొండేన్ని కొట్టి చెక్కలు పగులుతాయి, క్రమంగా లోహమూ దెబ్బతింటుంది. ప్రస్తుతం ఏ అమరికలో ఉందో ఒక చిన్న చీటీ రాసి పెట్టెలో ఉంచండి. తోటలోకి పందులు వస్తున్నాయని ఎవరైనా అడిగినా 1972 వన్యప్రాణి చట్టం ఉందని గుర్తుచేసి, అటవీ శాఖ దగ్గరికి పంపండి. ఇక మీ లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అన్న గడిని ఈ వారమే చదవండి. అది ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే, మీరు తుపాకీ పట్టుకుని హైదరాబాద్ రేంజ్‌కు వెళ్లడానికి అది చాలదు. దాన్ని మార్పించడానికి చిత్తూరు కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ అనుమతి వచ్చేదాకా పైన చెప్పిన శుభ్రం చేసే పనంతా ఇంట్లోనే నింపాదిగా చేసుకోవచ్చు.